నాలుగు గంటల సైరన్, ఏడు ఓట్లు

మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు మొదలైంది. గడియారం చూసే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు బొగ్గుబాయి మీద మస్టర్ రాసినదాన్ని. మస్టర్ అంటే హాజరు పట్టీ. ఎవరు ఎన్నింటికి లోపలికి దిగారు, ఎన్నింటికి పైకి వచ్చారు, ఎవరు అసలు రాకుండానే వచ్చినట్టు రాయమని బతిమాలారు, అన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. బతిమాలినవాళ్లకు ముప్పై ఏళ్లలో ఒక్క గీత కూడా గీయలేదు. అందుకే కాలనీలో నన్ను మస్టరమ్మ అంటారు. నా అసలు పేరు పింఛను కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఆ సమయానికి నేను నా స్నేహితురాలి వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నాను. ఆమె చాయ్ వడకడుతోంది. కంపెనీ దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. నాకు డెబ్బై రెండు, ఆమెకు డెబ్బై. ఆమె రిటైరైన మర్నాటి నుంచి, అంటే పదేళ్లుగా, రోజూ నాలుగింటికి నేను ఆమె ఇంటికి చాయ్‌కి వెళ్తాను. మూడింటికి సెకండ్ షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోతారు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు వచ్చి తిని పడుకుంటారు. నాలుగింటికి కాలనీ మా ఇద్దరిదీ అవుతుంది. ఆమె ఇంట్లో చుట్టాలకు కప్పులూ సాసర్లూ వేరే ఉన్నాయి, అద్దాల అలమరలో. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చినప్పుడు దించుతుంది. నాకు మాత్రం సొట్ట పడిన స్టీలు గ్లాసు. ఆ సొట్ట కూడా నేను పెట్టిందే, మూడో ఏడు, లారీ హారనుకు ఉలిక్కిపడి చెయ్యి జారి.

లారీల సంగతి ఇక్కడే చెప్పాలి. ఓపెన్‌కాస్టు గని నుంచి బొగ్గు మోసే లారీలు మా గల్లీ పక్కనున్న బడి రోడ్డు మీదుగా పోతాయి. కాలనీ బయట నుంచి ఇంకో దారి ఉంది. కిలోమీటరున్నర ఎక్కువ, అంతే. డీజిలు మిగులుతుందని మా ముక్కుల్లోంచి పోతున్నారు. నా స్నేహితురాలి మనవరాలికి ఎనిమిదేళ్లు. ఆ పిల్ల పడుకునే ముందు మూతికి మాస్కు పెట్టుకుని మిషను గాలి పీల్చాలి. దవాఖానలో పదిహేడేళ్లు దగ్గులు విన్న మనిషికి ఏ దగ్గు ఎటు పోతుందో తెలుసు. ఇద్దరం కలిసి పదకొండు అర్జీలు ఇచ్చాం. పదకొండూ ఎంతో మర్యాదగా తీసుకున్నారు. పన్నెండోది రాయబోతుంటే ఆమె కలం లాక్కుంది. "అడుక్కునుడు చాలక్కా, నేనే నిలబడుత" అంది.

అలా ఆమె కార్పొరేటర్ ఎన్నికల్లో నిలబడింది. పార్టీ లేదు. గుర్తు కుట్టు మిషను. ఎదురు నిలబడింది ఆ లారీలు నడిపే కాంట్రాక్టరే. కాబట్టి ఇందులో చిక్కేమీ లేదు. ఆమె గెలిస్తే లారీలు మళ్లుతాయి, ఆయన గెలిస్తే మళ్లవు. ఇంత తేలికగా అర్థమయ్యే ఎన్నిక నా ఎరుకలో ఇంకొకటి లేదు.

లెక్కలు నావి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా గల్లీ మస్టర్ కూడా నేను రాస్తాను. ఎవరు ఓటుకు పోయారు, ఎన్నింటికి పోయారు, ఎవరు పడుకున్నారు. ఎవరూ అడగలేదు, అయినా రాస్తాను. ఇరవై నాలుగు క్వార్టర్లు, యాభై ఎనిమిది ఓట్లు. ఆ మంగళవారం మధ్యాహ్నం నా పుస్తకంలో నలభై ఒకటి ఆమెవి, తొమ్మిది కాంట్రాక్టరువి, ఎనిమిది ఎటూ తేలనివి. మిగతా గల్లీల్లో కూడా గాలి ఇటే ఉంది. గల్లీ చివర టైలరు ఉన్నాడు, శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి నమాజుకు పోయే మనిషి. బాయిలో ఫిట్టరుగా చేసి రిటైరై, ఖాళీగా కూర్చోలేక కుట్టు దుకాణం పెట్టుకున్నాడు. ఆయన తన పాత కుట్టు మిషను ఇచ్చాడు. దాన్ని తోపుడు బండి మీద పెట్టి ఊరేగించాం. ఆడవాళ్లు వచ్చి చక్రం తిప్పి చూసేవాళ్లు. మైకుల కన్నా అది బాగా పని చేసింది.

నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు ఎదురింటి కోడలు ఫోను పట్టుకుని వచ్చి, టీవీ పెట్టమంది.

ఎక్కడ, ఏది అని రాయను. ఈ దేశంలో ఇన్నేళ్లు బతికినవాళ్లకు ఇలాంటివి ఒకటి కాదు, ఎవరికి ఏది గుర్తొస్తే అదే అనుకోండి. దూరంగా, చల్లటి చోట, సెలవులకని పోయినవాళ్లు. తుపాకులు పట్టుకుని వచ్చినవాళ్లు. గడ్డి మీద చిన్నపిల్లల ఉన్ని టోపీ ఒకటి, మూత ఊడిన టిఫిను డబ్బా ఒకటి. ఆ డబ్బా మా ఇంట్లో ఉన్నటువంటిదే. నేను టోపీని చూసి ఓర్చుకున్నాను గానీ డబ్బాను చూసి ఓర్చుకోలేకపోయాను. నా స్నేహితురాలు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. చాయ్ చల్లారింది. పదేళ్లలో చాయ్ పారబోయడం అది రెండోసారి.

బుధవారం మేం ప్రచారానికి పోలేదు. గురువారం పోయాం. పోకుండా ఉండాల్సింది. ఆమె తలుపు కొట్టి లారీల మాట ఎత్తితే, చావు ఇంటికి వచ్చి చక్కెర అప్పు అడిగినట్టు చూశారు. రెండు రోజుల కింద దుమ్ము గురించి ఇరవై నిమిషాలు తిట్టిన మనిషే, "ఇప్పుడు గిదా అవ్వా ముచ్చట" అని తలుపు వేసుకుంది. ఆ తలుపు మీద దుమ్ము అలాగే ఉంది.

కాంట్రాక్టరు మాత్రం బుధవారం ఉదయానికే ఫ్లెక్సీ కట్టించాడు. అందులో చనిపోయినవాళ్లకు అశ్రునివాళి అని ఉంది, పక్కన ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ నమస్కారం పెడుతున్నాడు. పుట్టినరోజుకు తీయించుకున్న ఫోటో అది. కేకు ముక్క అంచు కూడా కింద కనిపిస్తోంది. మీదున్న "శుభాకాంక్షలు" మీద తెల్ల కాగితం అంటించి "నివాళి" రాశారు. సాయంత్రానికి కాగితం ఊడింది. రాత్రంతా నివాళి, శుభాకాంక్షలు రెండూ కలిసే వేలాడాయి. ఆయన లారీలన్నిటికీ జెండాలు కట్టాడు. మర్నాటికి మూడు రంగులూ ఒకటే రంగయ్యాయి, బొగ్గు రంగు.

శుక్రవారం కొవ్వొత్తుల ఊరేగింపు. ఆ వారం మా గోదావరిఖనిలో కొవ్వొత్తులు దొరక్క, చర్చి వాళ్లను అడగడానికి కాంట్రాక్టరు మనిషి నా స్నేహితురాలి ఇంటికే వచ్చాడు. ఆమె రెండు పెట్టెలు ఇచ్చింది. నేను పళ్లు కొరికాను. "పోయినోళ్ల కోసమే గదక్కా, ఆయన కోసం గాదు" అంది. ఊరేగింపులో నినాదాలు గట్టిగా ఉన్నాయి. ఎవరినో వదలం వదలం అన్నారు. ఎవరిని పట్టుకున్నారో తెలియదు గానీ గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే ఒకరిని ఒకరు పట్టుకుని వెలిగించుకున్నారు. మైనం చేతి మీద పడి ఇద్దరు బూతులు తిట్టుకున్నారు. మా గల్లీ టైలరు ముందు వరుసలో ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు కొవ్వొత్తులతో.

"రెండెందుకన్నా?" అని అడిగాను.

"మీకు ఒకటి సాలక్కా" అన్నాడు. "నాకు రెండు గావాలె."

మర్నాడు పొద్దున్నే ఆయన మా దగ్గరికి వచ్చి తన కుట్టు మిషను వెనక్కి తీసుకుపోతానన్నాడు. తనకు భయమై కాదట, తన మిషను బండి మీద ఉంటే ఈమెకే నష్టమట.  నా స్నేహితురాలు బండిని తనే తోసుకుంటూ దుకాణం దాకా పోయి దించి వచ్చింది. ఆ రోజు నా పుస్తకంలో ఆమె ఓట్లు ముప్పై మూడు.

ఇంకా పద్దెనిమిది రోజులుంది కదా, జనం చల్లబడతారు అనుకున్నాం. కోపం జ్వరంలాంటిది, మూడో రోజుకు దిగుతుంది అని దవాఖాన అనుభవంతో ఆమె చెప్పింది. అప్పటికి అందరూ కోపంగానే ఉన్నారా అంటే, లేదు. నేను ఇంటింటికీ చూస్తున్నాను కదా. చివరి క్వార్టరులో ఉండే అమ్మాయి తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. ఆ అమ్మాయికి కోపం లేదు. ఫోను చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది, అన్నం కూడా అలాగే తినేది. సరిహద్దులో మేనమామ వరసకు కూడా ఎవరూ లేని ఇళ్లలోనే నినాదాలు ఎక్కువ. నాలుగో క్వార్టరులో బొగ్గు తవ్వే కోల్‌కట్టరు ఉంటాడు. పద్దెనిమిదేళ్లుగా ఏ ఎన్నికకూ మంచం దిగలేదు, నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. ఆయన ఆ వారం మీసాలు మెలితిప్పి అరుగు మీద కూర్చుని, ఓటు ఎప్పుడని నన్నే అడిగాడు.

ఆ దాడి జరిగిన పదో రోజు, శుక్రవారం, సైరన్ మోగింది.

ఇది మా తప్పే. ఎవరినీ అనడానికి లేదు. యుద్ధం వస్తే ఎలా ఉండాలో జనానికి నేర్పేందుకు ఊరంతటా సైరన్ మోగిస్తామని రెండు రోజుల ముందు నుంచి ఆటోలో మైకు పెట్టి చెప్పారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, ఉత్తిదే, ఎవరూ గాబరా పడొద్దు అన్నారు. నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా: "శుక్ర. 4 గం. సైరన్. ఉత్తిది." నాలుగింటికి రెండు నిమిషాలుండగా చాయ్ తాగుతూ ఆ మాట ఆమెకు చదివి వినిపించాను. "మోగనీ తియ్, మనకేంది" అని ఆమె చక్కెర కలుపుతోంది.

బయటివాళ్లకు ఒకటి చెప్పాలి. మా దగ్గర సైరన్ ఏడింటికి మోగుతుంది, మూడింటికి మోగుతుంది, రాత్రి పదకొండింటికి మోగుతుంది. అది షిఫ్టు. అప్పుడు ఎవరూ తల కూడా ఎత్తరు. షిఫ్టు కాని వేళ మోగిందంటే మాత్రం లోపల ఏదో కూలింది. అప్పుడు ఆడవాళ్లు ఏ పనిలో ఉంటే ఆ పని వదిలి బాయి గేటు దగ్గరికి పరుగెత్తుతారు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయి ఈ కాలనీకి వచ్చిన కొత్త కోడలు కూడా మొదటిసారికే పరుగెత్తుతుంది.

నాలుగింటికి సైరన్ మోగింది. తర్వాత నాకు గుర్తున్నది రోడ్డు. మా గల్లీ నుంచి గేటుకు పద్నాలుగు వందల అడుగులు. నా ముందు ఆమె, ఆమె ముందు ఇంకో నలుగురు. చేతిలో గరిటె ఉన్నవాళ్లు గరిటెతోనే ఉన్నారు. సగం దారిలో పడ్డాను. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. కుడికాలి చెప్పు ఎక్కడ పోయిందో తెలియదు. ఉత్తిదని తలకాయకు తెలుసు. కాళ్లకు చదువు రాదు.

గేటు దగ్గరికి చేరేసరికి మేం పదకొండు మందిమి. లోపల సెకండ్ షిఫ్టు మామూలుగా నడుస్తోంది. గేటు మీదున్న కుర్రాడు ఏందమ్మా ఏందమ్మా అంటున్నాడు. నా స్నేహితురాలు ఊచలు పట్టుకుని అతన్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"నూట ఎనభై ఏడు దీపం వచ్చిందా బిడ్డా?"

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు దీపం ఇస్తారు. పైకి రాగానే దీపాల గదిలో తిరిగి పెట్టాలి. దీపం కొక్కానికి వేలాడిందంటే మనిషి వచ్చినట్టు. నూట ఎనభై ఏడు ఆమె మొగుడిది. ఇరవై ఏడేళ్ల కింద షిఫ్టు కాని వేళ మోగిన సైరన్‌కి ఇలాగే వచ్చి, ఇదే గేటు పట్టుకుని ఇదే మాట అడిగింది. అప్పుడు దీపం రాలేదు. ఆ రోజు ఆయన మస్టర్ రాసింది నేనే. లోపలికి దిగినట్టు రాశాను. రెండో గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది, ఆ పట్టీలు ఇంకా ఎక్కడైనా ఉంటే.

గేటు కుర్రాడు అప్పటికి పుట్టి ఉండడు. నూట ఎనభై ఏడు ఎవరిదో చూస్తానని లోపలికి పోబోయాడు. నేను ఆమెను పట్టుకుని ఇంటికి నడిపించాను. ఆమె ఏడుస్తూ నడిచింది. నేను ఒక చెప్పుతో కుంటుతూ నడిచాను. చుట్టూ నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

చీకటి పడేసరికి ఆ వీడియో అందరి ఫోన్లలో ఉంది. కాంట్రాక్టరు మనుషులు కింద రాశారు: ఉత్తి సైరన్‌కే ఏడ్చేవాళ్లు కార్పొరేటర్లు కావాలట. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. మా గల్లీ వాళ్లు కూడా. మా ఎదురింటి కోడలు నాకు చూపించింది, నన్ను నేను గుర్తుపట్టగలనా లేదా అని. గుర్తుపట్టాను. కొప్పు ఊడిపోయి, నోరు తెరిచి, ఒంటి చెప్పుతో ఒక ముసలిది. ముప్పై ఏళ్లు ఆఫీసులో నా ముందు బాయిలో పని చేయించే ఓవర్‌మేన్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఇప్పుడు శ్రీరాంపూర్‌లో ఉన్న నా ఆడబిడ్డ కూతురు కూడా ఫోను చేసి, "అత్తా, గట్ల ఉరికినవేందే" అని నవ్వింది.

నిజం రాస్తున్నాను. నాకు ఆమె మీద జాలి వేయలేదు. ఒళ్లంతా మండింది. భయపడ్డానని నలుగురికీ తెలియడం నేను ఓర్చుకోలేకపోయాను. ఎవరి మీద చూపాలో తెలియని కోపం. తుపాకుల వాళ్లు నాకు దొరకరు, వీడియో తీసినవాళ్లు పిల్లలు. టీవీ ముందు కూర్చుంటే మాత్రం హాయిగా ఉండేది. అక్కడ ఎవరూ భయపడరు. అందరూ అరుస్తారు. అరిచేవాళ్ల పక్కన కూర్చుంటే నేనూ ఒంటి చెప్పుతో పరుగెత్తిన మనిషిని కానట్టు ఉండేది. పన్నెండు రోజులు అలా చూశాను. కుర్చీ నుంచి లేవకుండా ఎన్ని గంటలో కూడా రాసి ఉంది, ఇక్కడ చెప్పను.

నాలుగింటి చాయ్‌కి మాత్రం పోయాను, చివరి మూడు రోజులు తప్ప.  ఆమె మళ్లీ ఇంటింటికీ తిరిగింది. "అవు, ఉరికిన. మల్ల మోగితే మల్ల ఉరుకుత. మీరు ఉరకరా?" అని అడిగేది. కొందరు ఆడవాళ్లు తల వంచుకునేవాళ్లు. ఆ తల వంచుకున్న ఇళ్లను లెక్కపెడితే, నా పుస్తకంలో ముప్పై మూడు మళ్లీ ముప్పై ఎనిమిదికి వచ్చింది. లెక్క నేనే చేశాను. సరిగ్గానే చేశాను.

పోలింగు దాడి జరిగిన ఇరవై రెండో రోజు, బుధవారం. బడిలోనే పోలింగ్ బూత్. ఏడింటికి తలుపు తీశారు. మొదట నిలబడింది టైలరు, ఆరు ముప్పైకే వచ్చాడట. రెండో మనిషి మా నాలుగో క్వార్టరు కోల్‌కట్టరు, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని. నన్ను చూసి, "వదినా, ఇది ఢిల్లీదేనా?" అని అడిగాడు. కాదు, మున్సిపాలిటీది అన్నాను. "గంతేనా" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అయినా వరుస వదల్లేదు. చివరి క్వార్టరు అమ్మాయి సాయంత్రం దాకా రాలేదు. మా వాళ్లు రెండుసార్లు పిలిచినా ఫోను వదిలి లేవలేదు. ఆమె ఓటు మాకు పక్కా అని రాసుకున్నది. నేను చూసింది ఇది: కోపం వచ్చినవాళ్లు పొద్దున్నే వచ్చారు, గుండెలో రాయి పడ్డవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. టైలరు ఏ వరుసలోకి వస్తాడో నాకు ఇప్పటికీ తెలియదు.

వరుసలో నా ముందు మా గల్లీ ఆడవాళ్లు ముగ్గురు. ముగ్గురూ నా కళ్ల ముందు పుట్టి పెరిగినవాళ్లే, నా లెక్క మీద గురి ఉన్నవాళ్లు. మూడూ ఆమె ఓట్లే. అందులో ఒకామె వెనక్కి తిరిగి అడిగింది.

"పెద్దమ్మా, కుట్టు మిషనుకే గదా?"

అవును అనాలి. ఒక్క మాట. నేను ఇలా అన్నాను:

"ఈసారికి దేశం సంగతి చూడుండ్రి. లారీల సంగతి మల్ల చూద్దాం."

ముగ్గురూ తల ఊపారు. లోపలికి పోయి నేను కూడా కాంట్రాక్టరు గుర్తు మీద ముద్ర వేశాను. ఎనిమిది గంటల ఐదు నిమిషాలు. ముద్ర ఎంత గట్టిగా వేశానంటే కాగితం వెనక్కి అచ్చు పడింది. కాంట్రాక్టరుకూ దేశానికీ సంబంధం ఏమిటని ఆ క్షణాన ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరూ అడగలేదు.

శనివారం లెక్కింపు. మధ్యాహ్నం రెండింటికి తెలిసింది. నా స్నేహితురాలు ఏడు ఓట్లతో ఓడిపోయింది.

కాంట్రాక్టరు మనుషులు పటాకులు కాల్చారు. ఆ చప్పుడుకు మేం ఎవరం పరుగెత్తలేదు.

నాలుగింటికి ఆమే నా ఇంటికి వచ్చింది. పదేళ్లలో మొదటిసారి. చేతిలో కాగితం, కలం. గల్లీ గల్లీకి ఓటేస్తామని ఎంతమంది చెప్పారో రాసుకుని వచ్చింది. "లెక్క ఏడ తప్పిందో చూడక్కా" అంది. "నీ లెక్క తప్పది. ఏడ తప్పిందో నాకు సమజైతలే."

నేను చూస్తానని కాగితం తీసుకున్నాను. చూడాల్సిందేమీ లేదు. అటు పోయిన ఓటు ఒకటి ఇటు తగ్గి అటు పెరుగుతుంది కాబట్టి, ఒక్కో ఓటుకు తేడా రెండు. నాది, ఆ ముగ్గురివీ కలిపి నాలుగు. నాలుగు రెళ్లు ఎనిమిది. ఎనిమిదిలోంచి ఏడు పోతే ఒకటి. ఆమె ఒక్క ఓటుతో గెలిచి ఉండేది. ఈ లెక్క నేను ఐదు రకాలుగా చేశాను. ఐదుసార్లూ ఒకటే వచ్చింది.

ఎనిమిది రోజులు ఆమె ఇంటికి పోలేదు. తొమ్మిదో రోజు, సోమవారం, నాలుగింటికి పోయి వంటింట్లో నిలబడే చెప్పేశాను. వరుసలో ఏమన్నానో, లోపల ఏం చేశానో, ఎనిమిదిలోంచి ఏడు ఎలా పోయిందో. లారీ ఒకటి పోతోంది. అది పోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను, వినపడలేదేమోనని. ఆమె పొయ్యి కట్టేయలేదు.

"నాకు ఎరికే" అంది. "ఓట్లకు ముందు మూడొద్దులు రాలే నువ్వు. పదేండ్లల్ల నాగా పెట్టినవా? నీ మస్టర్ నేను గూడ రాస్తనే ఉన్న."

చాయ్ పొంగబోతే మంట తగ్గించింది. 

"ఓటు పోతే పోయింది, మల్లొస్తది" అంది. "నాతోని ఉరికినందుకు నీకు సిగ్గయింది సూడు, గది నాకు నొచ్చింది. నేను ఆయన కోసం ఉరికిన. నువ్వు నా కోసం ఉరికినవనుకున్న."

తర్వాత పీట వేసింది. కూర్చున్నాను. అద్దాల అలమర తీసి కప్పూ సాసరూ దించింది, పైటకొంగుతో తుడిచింది, చాయ్ పోసి నా ముందు పెట్టింది. బిస్కెట్లు కూడా పెట్టింది, ప్లేట్లో. చక్కెర సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది అన్నాను. నేను రెండు చెంచాలు వేసుకుంటానని ఆమెకు పదేళ్లుగా తెలుసు.

సొట్ట గ్లాసు గూట్లో బోర్లించి ఉంది. ఇప్పుడు దాంట్లో చెంచాలు పెట్టుకుంటోంది.

ఏం పోయిందో రాసి ముగిస్తాను. అక్కడ, ఆ చల్లటి చోట పోయిన ప్రాణాల లెక్క రాసే యోగ్యత నాకు లేదు. ఇక్కడివి మాత్రం ఇవి. ఎన్నిక ఒకటి, ఏడు ఓట్ల తేడాతో. కళ్లద్దాల్లో ఎడమ అద్దం. కుడికాలి చెప్పు, గేటు దాకా రెండుసార్లు పోయి వెతికాను, దొరకలేదు. టైలరు దుకాణానికి ఇదివరకు వచ్చే గిరాకీలో సగం. బయటి దారిన పోవాల్సిన లారీలు, నిన్న పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా నా కిటికీ ముందు నుంచి నూట పద్నాలుగు పోయాయి. రోజూ తాగే చాయ్, ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే. స్టీలు గ్లాసు ఒకటి.